బాస్కెట్‌బాల్ అభ్యాసమును నడుపు విధము

జట్టు గెలిచినప్పుడు చూపరులు పోటీనాటి ఆటను పొగడుదురు. ఓడినప్పుడు రిఫరీని నిందింతురు. పోటీనాడు కోర్టుమీద కనుపించునది అంతకు పూర్వము నెలల తరబడి సాయంకాలములయందు నేర్చినదే గాని వేరు కాదు. కావున ఆ సాయంకాలపు అభ్యాసమును ఎట్లు నడుపవలెనను విషయమును ఇచ్చట కొంత విచారింతము.

ఈ యాట ఒక తరగతికొరకు పుట్టినది. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున వై.యం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున బయట ఆడ వీలులేక విసిగియున్న తన విద్యార్థులకొరకు దీనిని కల్పించెను. పీచు పండ్ల బుట్టలు రెండింటిని 10 అడుగుల ఎత్తున కట్టించి, 13 నిబంధనలు వ్రాసి, 18 మందిని రెండు పక్షములుగా చేసి ఆడించెను. నేడు బుట్ట పోయి ఇనుప రింగు వచ్చినది. పక్షమునకు తొమ్మండుగురు పోయి ఐదుగురైరి. ఎత్తు మాత్రము ఆ 10 అడుగులే. దక్షిణదేశమున 1920లో హారీ క్రో బక్ దొరగారు మదరాసునందు వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. తెలుగు జిల్లాలు పెక్కు నాడు మదరాసు రాజధానిలోనివే గనుక మనవారును అచ్చటికి వెళ్లి శిక్షణ పొందుచు వచ్చిరి.

ఉపాధ్యాయుడు తన తరగతికి కల్పించిన ఆట గనుక దాని అభ్యాసమును ఒక పాఠముగానే ఎంచుట న్యాయము. పాఠమునకు కాలనియమము కలదు, ముందుగా చేసికొను సిద్ధపాటు కలదు. అయితే మన పాఠశాలలలో తరచుగా జరుగునదేమి? 24 మంది బాలురు ఒక రింగు ఎదుట ఒకే వరుసగా నిలుతురు. ముందున్నవాడు బంతిని విసరి, తిరిగి వరుస చివరకు పోవును. ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. ఒక్కొక్కని విసరుటకు 5 సెకండ్లు పట్టుననుకొన్నను, తన వంతు మరల వచ్చుటకు 2 నిమిషములగును. 20 నిమిషములలో ఒక్కొక్కనికి దొరకునవి 10 విసరులు. అనగా 50 సెకండ్లు మాత్రము వాడు ఆడెను. తక్కిన 19 నిమిషముల 10 సెకండ్లు ముందువాని వీపు చూచుచు నిలిచెను. ఇట్టి వరుసలలో మొదట నష్టపోవువాడు పొట్టివాడును, క్రొత్తగా చేరినవాడును. నేర్చినవారు త్రోసికొని ముందునకు పోవుదురు. వీడు రెండు వారములు చూచి, మూడవ వారమునుండి రాడు. వానికి ఆట రాదని మనము నిశ్చయించెదము గాని వానికి బంతి అందలేదన్న మాట ఎవరును గమనింపరు.

ఇదే 24 మందికి నాలుగు బంతులును రెండు రింగులును ఉన్నయెడల మార్గము కలదు. 12 మందిని ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, ఒక్కొక్క రింగునకు కుడివైపున ఒక గుంపును ఎడమవైపున ఒక గుంపును నిలుపవలెను. ఒకడు విసరును, ఒకడు రింగు క్రింద పట్టుకొనును, మూడవవాడు దానిని విసరువానికి సరిగా అందించును. 6 సెకండ్లకొక విసరు చొప్పున నిమిషమునకు 10 అగును; నిమిషమునకొకసారి ఈల వేసి స్థలములు మార్చిన 9 నిమిషములలో ప్రతివానికిని 30 విసరులు చెల్లును. ఆ సమయమున తక్కిన 12 మంది బంతి లేకయే, మోకాళ్లు వంచి, చేతులు చాచి, పాదములు ఒకదానినొకటి దాటకుండ ప్రక్కలకు జరుగుచు ఎదిరిని అడ్డు పాద విన్యాసమును నేర్తురు. తరువాత ఇరువురును స్థలములు మార్చుకొందురు. 18 నిమిషములకు పని ముగియును. రింగువద్ద రెండు బంతులు ఢీకొన్నను చింతలేదు. దొర్లిపోయి ఒకని కాళ్లక్రిందకు వచ్చిన బంతిని మాత్రము వెంటనే కేక వేసి ఆపవలెను. చీలమండ బెణుకులు తరచు అట్లే కలుగును.

వసతులు లేనిదే ఇవి సాగవనువారికి జాన్ వుడెన్‌గారి చరిత్రము చెప్పదగినది. ఈయన ఇంగ్లీషు బోధించిన ఉపాధ్యాయుడు. 1948 మొదలు 1975 వరకు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడుగా నుండెను. 1965లో క్రొత్త భవనము తెరువబడువరకు వీరి అభ్యాసస్థలము పాత వ్యాయామశాలలోని ఒక అంతస్తు. గాలి చాలదు, అచ్చటనే కుస్తీపట్టువారును, సాములు చేయువారును ఉందురు. నేలమీది దుమ్మును వుడెన్‌గారును సహాయకులైన విద్యార్థులును తామే ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, పిమ్మట అభ్యాసము నారంభించువారు. ఆ శాలలో అభ్యసించిన జట్టే 1964లోను 1965లోను జాతీయ విజేతయైనది. 1964 మొదలు 1975 వరకు గల 12 సంవత్సరములలో ఆయన జట్లు 10 మారులు ఆ విజయమును పొందినవి.

ఆయన ప్రతిదినము ఉదయమున తన సహాయకులతో కూర్చుండి, సాయంకాలపు అభ్యాసమును నిమిషముల లెక్కన నిర్ణయించి, చేతిలో ఇముడు చిన్న కార్డుమీద వ్రాసికొనువాడు. చేయించినదంతయు తరువాత పుస్తకమున కెక్కించి, మరుసటి సంవత్సరము అదే దినమున తిరిగి చూచుకొనువాడు. మొదటి దినమున నేర్పునది బంతిపని కాదు. మేజోడు ముడుతలు లేకుండ తొడుగుట, బూటు తాడు బిగువుగా కట్టుట. ముడుత పాదమునకు బొబ్బ తెచ్చును, బొబ్బ ఆటగానిని కూర్చుండబెట్టును. కొందరు దీనిని విని నవ్వుదురు. మాకు మాత్రము ఆయన చెప్పినవానిలో మన పాఠశాలలకు మిక్కిలి పనికివచ్చునది ఇదియే యని తోచుచున్నది.

1974-75 సంవత్సరమున రోలండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అను ఇరువురు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఆయన అభ్యాసములకు వెళ్లి, ఆయన చెప్పిన ప్రతి మాటను తరగతులుగా విభజించి లెక్క వ్రాసిరి. మొత్తము 2,326 బోధనలు తేలినవి. వానిలో పొగడ్త 100కి 7 వంతులు; అసమ్మతియు ఇంచుమించుగా అంతే. 75 వంతులు ఏమి చేయవలెనో, ఎట్లు చేయవలెనో చెప్పు మాటలే. అవియు మిక్కిలి పొట్టివి. తప్పు కనబడినప్పుడు ఆయన సరియైన రీతిని తానే చేసి చూపి, బాలుడు చేసిన తప్పును అనుకరించి, మరల సరియైన రీతిని చూపువాడు. ఇదంతయు కొన్ని సెకండ్ల పని. మన మైదానములలో ఈల వేసి అందరిని ఆపి పది నిమిషములు ఉపన్యసించు వాడుక కలదు. చెమట ఆరిపోవును, ఒడలు చల్లబడును, చివర నిలిచినవానికి వినబడదు. “బాగుగా ఆడుము” అన్నచో బాలునికి ఏమియు తెలియదు. “మోచేయి లోపలికి” అన్నచో తెలియును.

సాయంకాలము 4 గంటల 45 నిమిషములకు మొదలుపెట్టి గంటసేపు నడుపుదమనుకొందము. పరుగు, దుముకుట, ఆగుట అనువానికి 8 నిమిషములు చాలును. పైని చెప్పిన విసరులకు 18. పిమ్మట ముగ్గురు దాడిచేయగా ఇద్దరు అడ్డునట్లు బంతి అందించుటలు. ఎడమచేత డ్రిబ్లింగ్ చేయుటను ఇందులోనే చేర్చవలెను. ఏలయన పోటీలో ఎదుటివారు మొదట కనిపెట్టునది ఎవనికి ఎడమచేయి రాదో అనియే. దానివలన ఆయాసపడియున్నప్పుడే ఒక్కొక్కనిచేత రెండేసి ఫ్రీ త్రోలు వేయించుట మంచిది. పోటీలో 15 అడుగుల గీతయొద్ద నిలుచువాడు సేదదీరి వచ్చినవాడు కాడు గదా.

ఇంత కాలమును ఆటకిచ్చిన చదువేమగునని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ ప్రశ్న సరియైనదే. బాలుడు ఏడు గంటలకు ఇల్లు చేరి, అలసి పుస్తకముమీద నిద్రించుట మేమును ఎరుగుదుము. అందుచేతనే అభ్యాసము మొదలగు వేళకంటె ముగియు వేళ ముఖ్యమని మా అభిప్రాయము. బాలికల జట్టునకు, బస్సుమీద పోవువారికి ఇది మరింత అవసరము.

కడపటి 10 నిమిషములు ఆటకే విడువవలెను. ఒక్కొక్క రింగువద్ద ఐదుగురికి ఐదుగురు. మిగిలిన నలుగురు స్కోరు వ్రాయుచు, రిఫరీ పని చేయుచు, రెండేసి నిమిషములకు లోపలికి మారుదురు. ఐదుగురును బంతిని ముట్టిన పిమ్మట వేసిన గోలే లెక్కకు వచ్చునని నియమము పెట్టిన, పొట్టివానికిని బంతి అందును. 5 గంటల 45 నిమిషములకు, స్కోరు సమముగా నున్నను, ఈల వేయవలెను. తేలని ఆటను మరునాటి కార్డున మొదటి పంక్తిగా వ్రాసికొనవచ్చును.