'కండ్లు కనవడ్తలేవు'ను ఇంగ్లిష్‌లో ఏమందాం?

ఆన్‌లైన్ సెమినార్ మొదలుపెట్టంగనే మనలో సగం మంది అడిగే మొదటి ప్రశ్న 'యామ్ ఐ విజిబుల్?' రెండోది 'ఈజ్ మై స్క్రీన్ విజిబుల్?' వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేం లేదు. కాకపోతే ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లు మామూలుగా 'కెన్ యూ సీ మీ?' అంటారు. మన ప్రశ్న ఇంగ్లిష్‌లో పుట్టింది కాదు. 'నేను కనిపిస్తున్నానా?' అనే తెలుగు ప్రశ్నకు ఇంగ్లిష్ బట్టలు తొడిగాం, అంతే.

తెలుగులో చూపు పనికి రెండు క్రియలున్నాయి. చూడడం మనిషి చేసే పని, కనిపించడం ఎదుట ఉన్నదాని పని. అనంతగిరి గుట్ట మీద పొగమంచు ఉన్నరోజు 'ఎంత చూసినా కింద లోయ కనిపించలేదు' అంటాం. చూసింది మనం, కనిపించనిది లోయ. మనం 'నాకు', 'మాకు' అయిపోయి వాక్యంలో ఒక పక్కకు జరుగుతాం. ఇంగ్లిష్ అట్ల జరగనివ్వదు. 'ఐ లుక్డ్ అండ్ లుక్డ్, బట్ ఐ కుడ్‌న్ట్ సీ ద వ్యాలీ.' ప్రయత్నానికి లుక్, ఫలితానికి సీ. రెండింటికీ కర్త మాత్రం ఆ 'ఐ'నే.

ఇది తెలుగు ఒక్కదాని అలవాటు అనుకోకండి. వికారాబాద్ జంక్షన్‌లో వాడి వైపు పోయే రైలెక్కి తాండూరులో దిగండి. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉంటుంది కాబట్టి బజార్లో మూడు భాషలు వినిపిస్తాయి. 'నాకు కనవడ్తలేదు' అని ఒకరు, 'మేరేకు నై దిఖ్రా' అని దక్కనీలో ఇంకొకరు, 'ననగె కాణిస్తా ఇల్ల' అని కన్నడంలో మరొకరు. మూడింట్లోనూ చూసే మనిషికి 'కు' లాంటి ప్రత్యయమే తగిలింది. భాషాశాస్త్రంలో ఇలాంటి కర్తను 'ఎక్స్‌పీరియెన్సర్ సబ్జెక్ట్' అంటారు. అంటే పని చేసేవాడు కాదు, అనుభవం ఎవరికి కలుగుతుందో వాడు. ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ ఇది ఉండేది. షేక్‌స్పియర్ నాటకాల్లో తగిలే 'మీథింక్స్' అన్న మాటకు అచ్చంగా అర్థం 'నాకు అనిపిస్తుంది' అని. తర్వాత్తర్వాత ఇంగ్లిష్ ఆ దారి వదిలేసింది.

ఇప్పుడు 'కెన్' సంగతి. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, దూరంగా వస్తున్న రైలును చూసి 'ఐ కెన్ సీ ద ట్రైన్' అంటే 'నాకు చూడగల సామర్థ్యం ఉంది' అని గొప్ప చెప్పుకున్నట్టు కాదు. 'రైలు కనవడ్తుంది', అంతే. ఇక్కడ 'ఐ యామ్ ఏబుల్ టు సీ ద ట్రైన్' అంటే ఏదో కష్టం దాటి చూసినట్టు ఉంటుంది. కంటి ఆపరేషన్ తర్వాత కట్టు విప్పినప్పుడైతే సరిపోతుంది. 'ఐ యామ్ సీయింగ్ ద ట్రైన్' మాత్రం వద్దు. 'ఐ యామ్ సీయింగ్ ఎ డాక్టర్' అంటే డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నానని అర్థం. 'ఐ యామ్ సీయింగ్ ఎ గర్ల్' అంటే ఏమర్థమో హాస్టల్లో ఎవర్నడిగినా చెప్తారు.

భూతకాలంలో ఒక మెలిక ఉంది. ఒక్కసారి సాధించిన పనికి 'కుడ్' నప్పదు. నిన్న పరుగెత్తి రైలు అందుకుంటే 'ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్ ద ట్రైన్' అనాలి, 'ఐ కుడ్ క్యాచ్' అనొద్దు. అయితే సీ, హియర్, స్మెల్ లాంటి ఇంద్రియాల క్రియలకు ఈ నియమం వర్తించదు. 'ఐ కుడ్ సీ ద ట్రైన్ ఫ్రమ్ ద బ్రిడ్జ్' అన్నది నిన్న ఒక్కసారి జరిగినదైనా సరైన వాక్యమే. నాకైతే ఇంగ్లిష్ గ్రామర్‌లో నచ్చిన మినహాయింపుల్లో ఇదొకటి.

పరీక్షలో ఇదంతా ఒకటి రెండు మార్కుల సంగతి. అసలు అవసరం కంటి ఆసుపత్రిలో పడుతుంది. 'మా అమ్మమ్మకు కండ్లు కనవడ్తలేవు' అంటాం. మాటకు మాట మార్చి 'హర్ ఐస్ ఆర్ నాట్ విజిబుల్' అంటే కళ్లే మాయమైనట్టు! 'షి కాంట్ సీ' అని ఊరుకుంటే ఇంకా ఇబ్బంది. ఏది కనిపించదో చెప్పకుండా ఆ వాక్యం వదిలేస్తే అసలు చూపే లేదని అర్థం వస్తుంది. మన దిక్కు మాత్రం సూదిలో దారం ఎక్కించలేకపోయినా కండ్లు కనవడ్తలేవనే అంటరు.

మా అమ్మమ్మను హైదరాబాద్‌లో చూపించినప్పుడు అక్కడి డాక్టరమ్మకు తెలుగు రాదు. ఇంట్లో బీటెక్ చదివేది నేనొక్కదాన్నే కాబట్టి మాట మార్చే పని నాది. ముందు అమ్మమ్మనే తెలుగులో అడిగాను, 'బస్సు కనవడ్తదా?' అని.

'బస్సు కనవడ్తది బిడ్డా, బోర్డు కనవడది. రాత్రి లైట్ల సుట్టు గుండ్రంగ ఏదో కనవడ్తది.'

'షి కెన్ సీ ద బస్, బట్ షి కాంట్ రీడ్ ద బోర్డ్. ఎట్ నైట్ షి సీస్ రింగ్స్ అరౌండ్ లైట్స్' అని చెప్పాను. చివరి వాక్యంలో 'కెన్' లేదు, గమనించారా? 'కెన్ సీ' అంటే ఆ వస్తువు నిజంగా అక్కడుంది, కంటికి అందింది అని. లైట్ చుట్టూ ఉంగరం అక్కడ లేదు, కన్ను పుట్టించింది. కాబట్టి ఉత్త 'సీస్'. ఒకటి రెండుగా కనిపిస్తుంటే 'సీయింగ్ డబుల్' అని కూడా అనొచ్చు. పైన వద్దన్న 'సీయింగ్' ఇక్కడ చెల్లుతుంది. తెలుగులో ఉన్నదీ లేనిదీ రెండూ 'కనవడ్తది'నే. ఆ తేడా చెవినపడితే డాక్టర్ అడిగే తర్వాతి ప్రశ్న మారుతుంది. ఆ రోజు ఆమె బోర్డు సంగతి వదిలి, ఉంగరాల గురించే ఎక్కువసేపు అడిగింది.

తర్వాత చార్టు ముందు కూర్చోబెట్టారు. అక్కడ 'కెన్ యూ సీ?' అనరు, 'కెన్ యూ రీడ్ దిస్ లైన్?' అంటారు. జవాబు అంకెల్లో రాస్తారు. 6/60 అంటే మామూలు చూపున్న మనిషి 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈమె 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేదని.

మీకొక చిన్న పని. ఈ మూడింటినీ ఇంగ్లిష్‌లో రాసి చూడండి: 'గుట్ట మీది నుంచి ఊరంతా కనిపించింది.' 'తలనొప్పి వచ్చినప్పుడల్లా మెరుపులు కనిపిస్తాయి.' 'వెనక బెంచీకి బోర్డు కనిపిస్తలేదు, సార్.' తెలుగులో క్రియ ఒక్కటే. ఇంగ్లిష్‌లో ఎక్కడ 'కుడ్' వస్తుంది, ఎక్కడ ఉత్త 'సీ' సరిపోతుంది, ఎక్కడ 'కాంట్' పెట్టాలో రాసి క్లబ్ గ్రూప్‌లో పెట్టండి.