గోడ దాటిన పిల్లి నేర్పిన ఎనిమిది పాఠాలు

మాది రాజమండ్రి. మా వీధిలో పిట్టగోడకు పిట్టగోడ ఆనుకునే ఉంటుంది. ఈ డాబా మీద దగ్గితే ఆ డాబా మీంచి "ఏం వదినగారూ, జలుబు చేసిందా?" అని అడుగుతారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు డెబ్బై రెండో ఏడు నడుస్తోంది. 2015 జూలైలో గోదావరి పుష్కరాలకు ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంటే, ఆ సందట్లో ఎప్పుడు దూరిందో గాని, ఒక పిల్లికూన బియ్యం డబ్బా వెనక దొరికింది. ఒళ్ళంతా బెల్లం రంగు. మా మనవరాలు బెల్లం అనే పేరు పెట్టింది. పుష్కరాలు ముగిశాయి, చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళారు, బెల్లం ఉండిపోయింది.

కుక్కను గొలుసుతో కట్టేస్తాం. ఆవును పాకలో కట్టేస్తాం. పిల్లికి వీధంతా తన ఇల్లే. అందుకే పిల్లిని పెంచడమంటే ఇరుగుపొరుగుతో కొత్త చుట్టరికం కలుపుకోవడం. ఆ చుట్టరికంలో ఈ పదేళ్ళలో మాటలు పడ్డాను, నవ్వుకున్నాను, నేర్చుకున్నాను. పిల్లిని పెంచేవాళ్ళకూ, వాళ్ళ పక్కింట్లో ఉండేవాళ్ళకూ పనికొస్తాయని రాస్తున్నాను.

1. పిల్లి గోడ దాటితే వెనకాలే మనమూ దాటాలి

బెల్లానికి ఇంకా ఏడాది నిండలేదు. మంచి వేసవి. వెనకింటి వదినగారు డాబా మీద చేటలో ఎండు నెత్తళ్ళు ఆరబోశారు. సాయంత్రం ఎక్కి చూస్తే చేట బోర్లా పడి ఉంది. బెల్లం మా పిట్టగోడ మీద కూర్చుని పంజాతో మూతి తుడుచుకుంటోంది. మీసానికి వెండి పొట్టు ఒకటి అంటుకుని ఎండకు తళుక్కుమంటోంది. అంత స్పష్టంగా కనిపిస్తున్నా నా నోట వచ్చిన మొదటి మాట, "వీధిలో ఎన్ని పిల్లులు లేవు వదినగారూ!" అని.

ఆవిడ మారు మాట్లాడలేదు. చేట తీసుకుని కిందికి దిగిపోయారు. మర్నాటి నుంచి గోడ మీదుగా కరివేపాకు రావడం ఆగిపోయింది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. మా ఇంట్లో నీచు వండరు, చేపల మార్కెట్టులో నేనెన్నడూ అడుగుపెట్టలేదు. నాలుగో రోజు పనమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అరకిలో నెత్తళ్ళు కొని, స్టీలు డబ్బాలో పోసి, వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. "తిన్నది మా బెల్లమే. ఆ రోజే ఒప్పుకోవలసింది. నాది తప్పు వదినగారూ" అన్నాను. ఆవిడ డబ్బా అందుకుని తలూపారు, అంతే. నెల తిరిగాక ఆ డబ్బా మా గోడ మీదికి తిరిగొచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి పంపడం మన ఇళ్ళలో లేదు కదా. మూత తీస్తే నిండా కరివేపాకు.

పోయిన నెత్తళ్ళకు ఆవిడ అంత బాధపడలేదని తర్వాత తెలిసింది. కళ్ళెదుట జరిగినదాన్ని నేను కాదన్నందుకు బాధపడ్డారు. పక్కింటివాళ్ళు మన గుమ్మంలోకి వచ్చి అడిగేదాకా ఆగకండి. ముందు మనమే వెళ్ళాలి.

2. దొంగతనం ఎక్కడ మొదలైందో వెతకండి

ఇంట్లో పూటపూటా పెరుగన్నం, పాలు పెడుతున్నాను కదా, ఇది ఊరి మీద పడి ఎందుకు తింటోందని పశువుల డాక్టరుగారిని అడిగాను. ఆయన చెప్పింది విన్నాక తప్పు నా పళ్ళెంలోనే ఉందని అర్థమైంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్ళు చాలినంత తయారు చేసుకోలేదు. అది మాంసంలోంచో చేపల్లోంచో రావాలి. చాలకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె నీరసిస్తుంది. ఇక పాలంటారా, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు, విరేచనాలవుతాయి.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ ఎన్నేళ్ళు చెప్పానో లెక్కలేదు. మరిగే పాలలో మూతి పెట్టి కాల్చుకుని, ఆ తర్వాత పాలు చూస్తేనే పరుగు తీసిన పిల్లి అది. చెప్పినప్పుడల్లా క్లాసంతా నవ్వేది. ఆ పిల్లి బక్కచిక్కింది పెంచినవాడి చేతల వల్లేనన్న సంగతి మాత్రం బెల్లం వచ్చాకే నా మనసుకు ఎక్కింది.

వెనకింటి వదినగారితో ఈ సంగతి చెబితే ఆవిడ చటుక్కున అందుకున్నారు. "దానికేం భాగ్యమండీ, మేం వారానికి రెండుసార్లు చేపలు వండుతాం. కూరలో వేసేముందే నాలుగు ముక్కలు తీసి ఉడికించి పంపుతాను." ఉప్పూ కారం వద్దని, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషమని చెప్పాను. ముళ్ళు ఏరి, ఉత్త నీళ్ళలో ఉడికించిన చేప ముక్కలు అదే స్టీలు డబ్బాలో రావడం మొదలైంది. వెనక వరండాలో పెడతాను. డబ్బా కడిగి పులిహోరో, దోసకాయ పప్పో పోసి పంపుతాను. మిగతా రోజులు దుకాణంలో దొరికే పిల్లిమేత. ఆ తర్వాత వాళ్ళ డాబా మీద చేట బోర్లా పడలేదు.

3. ఆపరేషన్ వాయిదా వేయకండి

బెల్లం రంగు పిల్లుల్లో ఎక్కువ భాగం మగవే. మాదీ గండుపిల్లే. వయసొచ్చాక రాత్రి రెండింటికి గోడ మీద మరో గండుపిల్లితో పోట్లాట. పసిపిల్ల ఏడ్చినట్టు ఆ అరుపులు. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న వీధి మాది. ఓ పొద్దున పక్కింటి తులసికోట మీద తోకెత్తి మూత్రం చిమ్మింది. ఆ వాసన రెండు రోజులు వదల్లేదు. వాళ్ళు ఎంత బాధపడి ఉంటారో నేను విడిగా చెప్పనక్కర్లేదు. నేనే బిందెడు నీళ్ళు తీసుకెళ్ళి కోట కడిగాను.

ఆ వారమే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించాను. మగపిల్లికి చిన్న పనే, అదే రోజు ఇంటికి తెచ్చుకున్నాం. మెల్లమెల్లగా తిరుగుడు తగ్గింది, పోట్లాటలు తగ్గాయి, చిమ్మడం ఆగింది. ఆడపిల్లి విషయంలో అసలే ఆలస్యం పనికిరాదు. నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ ఏడిళ్ళూ మన ఇరుగుపొరుగువే.

4. రక్కితే వాదించకండి, కుళాయి దగ్గరికి నడవండి

పక్కింటి మనవడికి ఆరేళ్ళు. అరుగు మీద నిద్రపోతున్న బెల్లం తోక పట్టి లాగాడు. అది ఉలిక్కిపడి వాడి ముంజేతి మీద రక్కింది. మూడు ఎర్రటి చారలు, చివర సన్నగా రక్తం. వాళ్ళమ్మ ఏడుస్తోంది. "తోక లాగితే ఊరుకుంటుందా?" అనే మాట నా గొంతుదాకా వచ్చింది. మింగేశాను. పిల్లాణ్ణి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగాను. రేబిస్ పిల్లుల వల్ల కూడా వస్తుంది. కాటుకైనా రక్కుకైనా మొట్టమొదటి వైద్యం ఈ సబ్బూ నీళ్ళే. పసుపు, కారం, సున్నం పూయకూడదు.

ఆటోలో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. బెల్లానికి ఏటా వేయించే రేబిస్ టీకా కాగితం పట్టుకెళ్ళాను. డాక్టరుగారు కాగితం చూసి, ఎందుకైనా మంచిదని పిల్లాడికి సూదిమందు మొదలుపెట్టారు. ప్రతి డోసుకూ నేను వెంట వెళ్ళాను. "మా పిల్లికి టీకా వేయించాం, మీకేం కాదు" అనే తీర్పు మనం ఇవ్వకూడదు. అది డాక్టరు చెప్పవలసిన మాట. అన్ని డోసులూ అయ్యాక అదే పిల్లాడికి పిల్లిని ఎలా ముట్టుకోవాలో నేర్పాను. ముందు చెయ్యి చాపి వాసన చూడనివ్వాలి, తర్వాత గడ్డం కింద నిమరాలి, తోక జోలికి పోకూడదు. ఇప్పుడు వీధిలో పిల్లలందరికీ ఆ పాఠం చెప్పేది వాడే.

5. ఎదుటివారి నమ్మకాన్ని దిద్దబోకండి

ఎదురింటి పిన్నిగారు ఎనభై దాటినవారు. పొద్దున్నే ఆరింటికి గుడికి బయల్దేరతారు. సరిగ్గా అప్పుడే బెల్లం వీధి అడ్డంగా దాటేది. ఆవిడ వెనక్కి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవారు. కొన్నిరోజులు రెండు మూడుసార్లు. మోకాళ్ళ నొప్పులతో ఆ మూడు మెట్లూ ఎక్కి దిగడం చూస్తే నాకు బాధేసేది. "అదంతా మూఢనమ్మకం పిన్నిగారూ" అని ఒకసారి పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నారు.

ఆలోచించాను. ఆవిడ ఎనభై ఏళ్ళ అలవాటు మార్చడం కంటే పిల్లి తిండివేళ మార్చడం సులువు. బెల్లానికి పొద్దుటి మేత సరిగ్గా ఆరింటికి, తలుపు వేసి, లోపల పెట్టసాగాను. పిన్నిగారు ఒక్కసారిలోనే గుడికి చేరుతున్నారు. ఇంకో సంగతి. ఒకనాడు వీధిలో ఎవరో కర్ర పట్టుకుని బెల్లం వెంట పడితే, అరుగు మీంచి ఆ పిన్నిగారే గద్దించారు. "పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలిరా! ఉందా నీ దగ్గర అంత బంగారం?" నేను తీసిపారేయబోయిన నమ్మకాలే ఆ రోజు మా పిల్లి ప్రాణం కాపాడాయి.

6. ఎలుకల మందు పెట్టేముందు ఒక్కమాట చెప్పుకోండి

ఈ పాఠం రెండువైపులవాళ్ళకీ. ఎలుకలు పడ్డాయని పక్కింట్లో మందు పెడితే, ఆ మందు తిన్న ఎలుకను పట్టి తిన్న పిల్లికీ ప్రాణం మీదికొస్తుంది. మా వీధిలో ఒప్పందం చేసుకున్నాం. ఎవరు మందు పెట్టినా ముందురోజు చెప్పాలి. మందు పెట్టినన్నాళ్ళూ, ఆ తర్వాత కొన్నాళ్ళూ పిల్లిని బయటికి వదలను. చాలావరకు ఎలుకల బోనుతోనే పని జరుపుకుంటున్నాం. ఫినాయిలుతో తుడిచిన నేల ఆరేదాకా పిల్లిని దూరంగా ఉంచాలి. అది తడి పాదాలు నాక్కుంటుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ సగం బిళ్ళ కూడా పిల్లిని చంపగలదు. కుక్కల పేలకు వాడే చుక్కల మందులు కొన్ని దానికి విషమే.

కోపంతో విషం పెట్టాలనుకునేవారికి ఒక్కమాట. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టి సాధించిన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. దాని కింద విషం పెట్టడం నేరం. కానీ చట్టందాకా వెళ్ళిన వీధిలో మళ్ళీ కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడం కష్టం. ముందు తలుపు తట్టండి.

7. ఇసక తొట్టె మన పెరట్లోనే ఉండాలి

పిల్లికి మెత్తని మట్టి కనిపిస్తే చాలు. పక్కింటి కనకాంబరాల మడి పాడుచేస్తోందని తెలిశాక మా పెరట్లో నీడన ఒక వెడల్పాటి తొట్టెలో గోదావరి ఇసక పోశాను. రెండు వారాల్లో అలవాటుపడింది. పక్కింటమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు మరింత జాగ్రత్తపడ్డాం. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండవచ్చు. అది కడుపులో బిడ్డకు హాని చేయగలదు. బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి దానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి తొట్టెను ఏ రోజుకారోజు శుభ్రం చేయాలి. గర్భిణులు ఆ పని ముట్టకూడదు, మట్టిపని చేస్తే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

8. పిల్లికి మూడు పేర్లుంటే సంతోషించండి

రెండేళ్ళ కిందట టీకాకు తీసుకెళ్తే డాక్టరుగారు తూకం వేసి కంగారుపడ్డారు. ఆరు కిలోల ఎనిమిది వందలు. "ఎన్నిసార్లు పెడుతున్నారమ్మా?" "రెండేసార్లండీ" అన్నాను. నేను చెప్పింది నిజమే. ఇంటికొచ్చి వీధిలో వాకబు చేశాను. మా ఇంట్లో బెల్లం. వెనకింట్లో రాజా, ఎనిమిదింటికి ఫలహారం. పక్కింటి మనవడికి టైగర్, బడి నుంచి వచ్చాక వాడి గుడ్డులో సగం. ఎదురింటి పిన్నిగారు ఎదురు రాకూడదనుకున్న ఆ పిల్లినే గుడి నుంచి వచ్చాక "ఒరేయ్ నాయనా" అని పిలిచి, అరుగు మీద వెన్న పెడుతున్నారు.

ఆ సాయంత్రం మా అరుగు మీద నలుగురం కూర్చున్నాం. ఎవరు ఏం పెట్టాలో కాగితం మీద రాసుకున్నాం. వెన్న మానమంటే పిన్నిగారు చిన్నబుచ్చుకుంటారని భయపడ్డాను. "దాని గుండె కోసమైతే మానేస్తాలేవే" అన్నారు. ఆర్నెల్లలో ఐదున్నర కిలోలకు దిగింది. మా పిల్లి అని నేను అనడం మానేసి చాలా రోజులైంది.

నిన్న వెనకింటి నుంచి డబ్బా వచ్చింది. పదేళ్ళ వాడకంతో మూత కాస్త సొట్టపడింది, గట్టిగా నొక్కితేగాని బిగుసుకోదు. ఈ ఉదయం తోమి గోడ మీద బోర్లించాను. చింతపండు నానబెట్టాను, మధ్యాహ్నానికి పులిహోర కలపాలి.