నాలుగు మ్యాచ్‌లకే బెంగపడకండి: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: స్నేహితులమంతా కలిసి డబ్బు పెట్టకుండా, సరదాకి ఐపీఎల్ ఫాంటసీ లీగ్ (అసలు ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు లెక్కేసుకునే ఆట) నడుపుకుంటున్నాం. నేను ఏరికోరి తీసుకున్న ఓపెనర్ వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో పది దాటలేదు. తీసేయమని అందరూ పోరుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. - ఒక పాఠకుడు, ధవళేశ్వరం

జవాబు: కంగారుపడకండి, సీజన్ మొదట్లో ఇది మామూలే. 2025లో సన్‌రైజర్స్ ఓపెనర్ అభిషేక్ శర్మ మొదటి అయిదు మ్యాచ్‌ల స్కోర్లు 24, 6, 1, 2, 18. ఆరో మ్యాచ్‌లో, ఉప్పల్‌లో, పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. టీ20 ఓపెనర్ మొదటి బంతి నుంచే తెగించి ఆడాలి. వరసగా నాలుగుసార్లు తొందరగా అవుటవడం ఆ పనిలో భాగమే. లెక్కలవాళ్లు దీన్ని స్మాల్ శాంపిల్ అంటారు, అంటే తీర్పు చెప్పడానికి చాలనంత తక్కువ ఆట. మీరు చూడాల్సింది పరుగులు కాదు, అతన్ని ఇంకా ఓపెనింగ్‌కే పంపుతున్నారా లేదా అన్నది. కింది స్థానానికి దించినా, బెంచి మీద కూర్చోబెట్టినా, గాయమన్న వార్త వచ్చినా అప్పుడు మార్చుకోండి.

ప్రశ్న: మొదటి మ్యాచ్‌లో సెంచరీ కొట్టాడని ఒకతన్ని నా ఫాంటసీ జట్టుకి కెప్టెన్ చేశాను. ఆ తర్వాత అన్నీ సున్నాలూ రెండ్లే. నా చెయ్యి మంచిది కాదేమో! - విజ్జేశ్వరం పాఠకురాలు

జవాబు: మీ చేతి తప్పేమీ లేదమ్మా. 2025 మార్చి 23న ఇషాన్ కిషన్ రాజస్థాన్ మీద 106 నాటౌట్. తర్వాతి మూడు మ్యాచ్‌ల్లో 0, 2, 2. అయినా మే నెలలో బెంగళూరు మీద 94 నాటౌట్‌గా నిలిచి, 14 మ్యాచ్‌ల్లో 354 పరుగులతో సీజన్ ముగించాడు. జట్టులో ఉంచుకోండి, కెప్టెన్సీ మాత్రం రోజూ నిలకడగా ఆడేవాళ్లకివ్వండి.

ప్రశ్న: నా బౌలర్ మొదటి మ్యాచ్‌లోనే యాభై పైగా ఇచ్చేశాడు, వికెట్ లేదు. ఇక అతని పని అయిపోయినట్టేనా? - బొబ్బర్లంక

జవాబు: అయిపోలేదండీ. మన సిరాజ్ 2025లో గుజరాత్ తరఫున మొదటి మ్యాచ్‌లో 54 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. తర్వాతి మూడింటిలో 2, 3, 4 వికెట్లు తీశాడు. అది చూసి ఎగబడి అతన్ని తీసుకుని ఉంటే, అదీ తొందరే, ఎందుకంటే సీజన్ మొత్తానికి 15 మ్యాచ్‌ల్లో 16 వికెట్లే. కెప్టెన్ కొత్త బంతి ఇస్తూ, నాలుగు ఓవర్లూ వేయిస్తున్నంత కాలం మీరు నిశ్చింతగా ఉండండి. రెండు ఓవర్లతో ఆపేయడం మొదలైతేనే ఆలోచించాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఫాంటసీ బేస్‌బాల్ అని ఆడుతున్నాడు. ఏప్రిల్ రెండు వారాలకే తన జట్టు మునిగిపోయిందని ఫోన్లో ఒకటే గొడవ. మాకేమీ అర్థం కావడం లేదు. - ఒక తల్లి, కడియం

జవాబు: భయం లేదని చెప్పండమ్మా. అక్కడ ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, రెండు వారాలంటే పదోవంతు కూడా కాదు. 1994లో టఫీ రోడ్స్ అనే ఆటగాడు తొలిరోజే మూడు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు, ఏడాదంతా కలిపితే ఎనిమిదే. 2006 ఏప్రిల్‌లో క్రిస్ షెల్టన్ పది కొట్టి, సీజన్‌ని 16తో ముగించాడు. బంతి విసిరే పిచర్ల వేగం చలికి కాస్త తగ్గడం కూడా మామూలే. ఎండలు ముదిరాక కూడా వేగం తిరిగి రాకపోయినా, మోచేతి నొప్పి అన్న మాట వినపడినా అప్పుడు మీ అబ్బాయి జాగ్రత్తపడాలి.

ప్రశ్న: మావాడు ఇంటర్. క్రికెట్ జట్లు కట్టుకుంటూ ఫోన్ దాచేస్తున్నాడు. గుండె దడగా ఉంటోంది. - ఒక తండ్రి, మద్దూరు లంక

జవాబు: మీ దడ అర్థమవుతోంది. ముందు కోప్పడకుండా పక్కన కూర్చుని, మ్యాచ్ చూస్తూ, నీ జట్టు ఏదిరా అని అడగండి. స్నేహితులతో పాయింట్ల పందెమే అయితే ఆ వయసుకి సహజం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. అందుకే ఇప్పుడు డబ్బు అడిగే యాప్ ఏదైనా సరే, వెంటనే అనుమానించండి. ఖాతాలో చిన్నచిన్న మొత్తాలు మాయమవడం, అప్పులు, తిండీ నిద్రా మానేయడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. డబ్బు విషయంలో మోసపోతే 1930కి, పిల్లవాడు దిగులుగా ఉంటే 14416కి ఫోన్ చేయండి.