మాట మనదే, మనిషెవరు?

చొప్పదండి దగ్గర ఒక ఊరు. సాయంత్రం వేళ. అత్తా కోడలు వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తున్నారు. ఒళ్లో చాట. చాటలో తునికాకు, తంబాకు. ఎదురుగా గోడకు ఆనించిన సెల్‌ఫోన్.

ఫోన్‌లో గంగవ్వ మాట్లాడుతోంది. అత్త పకపకా నవ్వింది.

"ఈమె అచ్చం మన లెక్కనే మాట్లాడుతది గదనే!"

"మన దిక్కు ఆమెనే అత్తమ్మా. కొండగట్టు దగ్గర లంబాడిపల్లి."

లంబాడిపల్లి మల్యాల మండలంలో ఉంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. ఆ ఊరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టాడు. ఊరి ముచ్చట్లు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. కూలి పనికి పోయే మిల్కూరి గంగవ్వ అందులో నటించింది. లక్షల మంది చూశారు. 2020లో ఆమె టీవీలో బిగ్‌బాస్ ఆటకు కూడా పోయింది.

ముందు ఇట్లా లేదు. సినిమాలో హీరోది ఒక భాష. రౌడీకీ, నవ్వించే పనివాడికీ మన భాష. బడిలో మన యాస మాట్లాడిన పిల్లలు నవ్వులపాలయ్యేవారు. అత్తకు ఆ సంగతి బాగా ఎరుకే. పట్నం పోతే నోరు విప్పడానికే జంకేది.

మరి ఈ మార్పు ఎట్లా వచ్చింది? ఫోన్ ఒక్కటే తేలేదు. తెలంగాణ ఉద్యమం ముందుగా దారి వేసింది. ధూంధాం సభల్లో మన యాసలోనే పాటలు పాడారు. ఆడవాళ్లు రోడ్ల మీద బతుకమ్మ ఆడి రాష్ట్రం అడిగారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ ఏడే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. టీవీలో వార్తలు కూడా మన యాసలో వచ్చాయి. వీ సిక్స్ చానెల్‌లో 'తీన్మార్ వార్తలు' ఇంటింటా చూశారు.

అయితే చానెల్ పెట్టింది ఎవరు? ఇది కూడా తెలుసుకోవాలి. 2011లో వచ్చిన టీ న్యూస్ టీఆర్ఎస్ వాళ్లది. ఆ పార్టీ పేరే ఇప్పుడు బీఆర్ఎస్. 2012లో వచ్చిన వీ సిక్స్, పెద్దపల్లి ఎంపీగా చేసిన వివేక్ కుటుంబానిది. యాస మనది. చానెల్ మాత్రం మనది కాదు!

2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ వాళ్ల రామక్క పాట ఫోన్లలో మోగిపోయింది. పొలంలో పాడుకునే పాట లెక్క ఉంది. పిల్లలు, పెద్దలు అందరూ ఎగిరారు. ఓట్లు లెక్కపెడితే ఆ పార్టీ ఓడింది. చొప్పదండిలో కూడా ఓడింది. ఆడిన కాళ్లు వేరు, ఓటు వేసిన వేలు వేరు.

ఫోన్‌కు ఒక గుణం ఉంది. మనం దేన్ని ఎక్కువసేపు చూస్తే అట్లాంటిదే మళ్లీ చూపిస్తుంది. ఒక పార్టీ ముచ్చట నాలుగుసార్లు చూస్తే, ఐదోసారి అడగకున్నా అదే వస్తుంది. ఊరంతా అదే అంటున్నట్టు అనిపిస్తుంది.

అంతలో అత్త వాట్సాప్ మోగింది. ఎవరిదో గొంతు. "బీడీ పింఛన్లు బందు పెడుతున్నరు. మనకు ఓటెయ్యనోళ్లకు ఇగ రావు. అందరికీ పంపుండ్రి."

అత్త గుండె గుభేలుమంది. సంఘం గ్రూపులో పెట్టబోయింది. కోడలు చెయ్యి పట్టుకుంది.

"ఆగు అత్తమ్మా. పైన రెండు బాణాలు ఉన్నయి, చూడు."

రెండు బాణాల గుర్తు ఉంటే, ఆ సందేశం చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అట్లాంటిది ఒకసారికి ఒక్కరికే లేదా ఒక్క గ్రూపుకే పంపనిస్తుంది. 2020లో వాట్సాప్ వాళ్లు ఈ కట్టడి పెట్టారు.

"మన లెక్కనే మాట్లాడుతున్నడు గదనే. మనోడే అయ్యుంటడు."

"మాట మనదే అత్తమ్మా. మనిషెవరో పేరు చెప్పిండా?"

అత్త మళ్లీ విన్నది. పేరు లేదు. తారీఖు లేదు. ఏ ఆఫీసు చెప్పిందో అదీ లేదు. ఫోన్ పక్కన పెట్టింది.

"రేపు పంచాయతీ ఆఫీసుకు పోత. కాగితం ఉంటే చూపెట్టుమంట. నేనే చదువుకుంట."

చాట ఒళ్లోకి లాక్కుంది. ఇంకా నాలుగు కట్టలు చెయ్యాలి.