మధుమేహము: రోగి యెఱిగినది యెంత?

మందుచీటి చేతికిచ్చి "అర్థమైనదా?" అని అడిగినచో, కాలేదనువారు అరుదు. ఆ జవాబు రోగి మర్యాదను తెలుపును గాని అతని తెలివిడిని తెలుపదు. మధుమేహము జీవితకాలము వెంటనుండు వ్యాధి. వైద్యుడు చూచునది ఏ నెలకో ఒకమారు. తక్కిన దినములన్నియు రోగియే తన్ను తాను చూచుకొనవలెను. కావున అతడెంత యెఱుగునో కొలుచుట కూడ చికిత్సలో భాగమే.

ఇందుకు ప్రశ్నావళులు కలవు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు 1998లో ప్రకటించిన పరీక్షలో 23 ప్రశ్నలు: 14 అందరికిని, 9 ఇన్సులిన్ వాడువారికిని. చెన్నపట్టణములో 26,001 మందిని విచారించిన పరిశోధన 2005లో వెలువడినది. వారిలో నూటికి 75 మంది మధుమేహమను వ్యాధి కలదని యెఱుగుదురు. కాని ఆ వ్యాధి తమకున్నదని తెలిసినవారిలో సైతము, అది అవయవములను చెఱచునని యెఱిగినవారు నూటికి 41 మందికి మించలేదు. పేరెఱుగుట వేఱు; వ్యాధి నెఱుగుట వేఱు.

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని బండ్రి వంటి ఊరిలో ఇట్టి పరీక్ష జరుపవలెనన్న ముందు భాషను చూడవలెను. ఈ జిల్లాలో కన్నడముతోపాటు తెలుగును వినబడును. "మధుమేహ"మన్న తెలియని ముదుసలికి "సక్కరె కాయిలె" అనియో, "చక్కెర జబ్బు" అనియో చెప్పిన తెలియవచ్చును. మాట తెలియకపోవుటను జ్ఞానము లేకపోవుటగా లెక్కింపరాదు. చదువురానివారిని నోటితోనే అడిగి, చేసి చూపుమనవలెను.

ఇంటిలోనే అడుగదగిన ప్రశ్నలు:

1. ఈ మాత్ర భోజనమునకు ముందా, తరువాతనా?

2. పాదములను ఎప్పుడు చూచుకొనవలెను? (ప్రతిదినము. స్పర్శ తగ్గినవారికి పుండు పడినను తెలియదు.)

3. చెమటపట్టి చేతులు వణకినచో? (చక్కెర 70 మిల్లీగ్రాములకన్న తగ్గియుండవచ్చును. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు గాని చక్కెర గాని నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను.)

4. ఉపవాసదినమున మందు ఎట్లు?

జైన గృహములలో ఈ నాలుగవ ప్రశ్నయే ముఖ్యము. పర్యూషణ దినములలో ఆహారము మాని, ఇన్సులిన్ మాత్రము యథాప్రకారము తీసుకొనినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. తనకు తానే మందు మానినచో మితిమీరి పెరుగవచ్చును. "ముందుగా వైద్యుని అడిగెదను" అనునదే సరియైన జవాబు. రాత్రివేళ వణకు పుట్టినచో ఏమి చేయవలెనో కూడ వ్రతము పట్టకమునుపే వైద్యునితోను గురువులతోను నిశ్చయించుకొని, ఇంటివారికి తెలిపియుంచవలెను.

ఈ పరీక్ష రోగిని సిగ్గుపఱచుటకు కాదు. అంగడిలో ఏ సరకు తరిగినదో లెక్క చూచినగాని తెప్పింపలేము గదా! తప్పిన ప్రశ్నయే రేపటి పాఠము.