లీటరునకు ఎన్ని గ్లాసులు?

పూర్వము మన ఇండ్లలో గిద్దెడు నేయి, సోలెడు పాలు, మానికెడు బియ్యము అని కొలిచెడివారు. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. లెక్క ఒక్కటే యైనను, ఒక ప్రాంతపు మానిక మరియొక ప్రాంతపు మానికతో సమానముగా నుండెడిది కాదు. ఈ చిక్కును తొలగించుటకు భారత ప్రభుత్వము 1956లో చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టెను. అది క్రమముగా అమలునకు వచ్చిన పిమ్మట లీటరు దేశమంతటను ఒక్కటే అయినది.

కాని వంటయింటి గ్లాసునకు నేటికిని నియమము లేదు. వంట పుస్తకములలోని కప్పు సైతము దేశమును బట్టి మారును. ఆస్ట్రేలియా కప్పు 250 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు సుమారు 237, జపాను కప్పు 200.

వంటలో ఈ భేదమువలన పులుసు కొంచెము పలుచనగును. అంతకు మించి నష్టము లేదు. మందు విషయమున అట్లు కాదు. అతిసారము సోకిన శిశువు శరీరమునుండి నీరును లవణములును పోవును. వానిని తిరిగి చేర్చుటకు ఓ.ఆర్.ఎస్. పొడిని నీటిలో కలిపి త్రాగింతురు. 1971లో పశ్చిమ బెంగాలులోని బొంగావ్ శరణార్థి శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి ద్రావణముతోనే పెక్కుమంది కలరా రోగులను కాపాడెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ననుసరించి చేసిన 20.5 గ్రాముల పొడిని సరిగా ఒక లీటరు నీటిలో కలుపవలెను. చిన్న పొట్లములును కలవు గనుక పొట్లముపై వ్రాసిన కొలతను ముందు చదువవలెను. నీరు తగ్గినచో ఉప్పు ఎక్కువై శిశువునకు హాని కలుగును; నీరు హెచ్చినచో మందు చాలినంత మేలు చేయదు. లీటరనగా ఐదు గ్లాసులని విని, 160 మిల్లీలీటర్ల గ్లాసుతో కొలిచిరనుకొందము. వచ్చునది 800 మిల్లీలీటర్లే. ద్రావణము ఉండవలసినదానికంటె నాలుగవ వంతు ఎక్కువ గాఢమగును.

కావున మన గ్లాసు పరిమాణమును ముందుగా తెలిసికొనవలెను. లీటరు గుర్తు గల పాత్రలో గ్లాసుతో నీరు పోయుచు లెక్కింపుడు. నాలుగు గ్లాసులకు గుర్తును చేరినచో గ్లాసు 250 మిల్లీలీటర్లు. ఐదింటికి చేరినచో 200. గ్లాసు పరిమాణము ముందే తెలిసినచో 1000ని దానిచే భాగింపుడు. పై 160 మిల్లీలీటర్ల గ్లాసుతో ఆరుంపావు గ్లాసులు పోసిన గాని లీటరు కాదు.

ఈ సంఖ్యను కనుగొని వంటయింటి గోడమీద వ్రాసి యుంచుడు. ఇంటిలో ఎవరికైన జబ్బు చేసిన రాత్రి తొందరలో లెక్క వేయుట కష్టము. వ్రాసి యున్న దానిని చదువుట సులభము.