పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీకి కొత్త మాడ్యూల్ రూపం: ఉద్యోగార్థులకు అక్కరకొచ్చే విద్య

వాడరేవు తీరం నుంచి తెనాలి, రేపల్లె వరకు ఉన్న ఊళ్ల విద్యార్థులు బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల, వడ్లమూడిలోని విజ్ఞాన్ వంటి సంస్థల్లో కంప్యూటర్ సైన్స్ చదివి వెబ్ డెవలపర్ ఉద్యోగాలకు పోటీ పడుతున్నారు. రెజ్యూమెలో అందరూ చూపే నమూనా వెబ్‌సైట్ల కన్నా, పదిమంది వాడే ఒక లైబ్రరీని, అంటే పలు ప్రాజెక్టుల్లో తిరిగి వాడుకునేలా రాసిన కోడ్‌ను, నేటి సాధనాలకు అనువుగా మార్చిన పని అభ్యర్థి సామర్థ్యానికి బలమైన నిదర్శనం అవుతుంది.

సమస్యకు మూలం

1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌కు సుమారు రెండు దశాబ్దాల పాటు సొంత మాడ్యూల్ పద్ధతి, అంటే కోడ్‌ను విడివిడి ఫైళ్లుగా రాసి ఒకదాన్నుంచి మరొకదాన్ని పిలుచుకునే ఏర్పాటు, లేకపోవడంతో, స్క్రిప్ట్ ట్యాగుతో పేజీలోకి వచ్చిన లైబ్రరీ తన పేరును గ్లోబల్ వేరియబుల్‌గా, అంటే పేజీలోని కోడ్ అంతటికీ అందే పేరుగా, ఉంచేది. బ్రౌజరు బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ 2009లో వచ్చి, మాడ్యూళ్లను పిలిచే ‘రిక్వైర్’ పద్ధతిని వ్యాప్తిలోకి తేగా, 2015 నాటి ప్రమాణం ‘ఇంపోర్ట్’, ‘ఎక్స్‌పోర్ట్’లను భాషలోనే చేర్చింది. వెబ్‌ప్యాక్, రోలప్, వీట్ వంటి బండ్లర్లు, అంటే విడివిడి ఫైళ్లను కూర్చి బ్రౌజరుకు సిద్ధం చేసే సాధనాలు, ఈ ఇంపోర్ట్ వాక్యాలను బట్టి ఏ కోడ్ అవసరమో గుర్తించి మిగిలినది తొలగిస్తాయి.

ఒక తెలుగు ఉదాహరణ

వికీపీడియాలో తెలుగు టైపు చేయడానికి తోడ్పడే జేక్వెరీ ఐఎంఈ అనే వికీమీడియా లైబ్రరీలో ఇన్‌స్క్రిప్ట్, లిప్యంతరీకరణ వంటి తెలుగు పద్ధతులున్నాయి. అది జేక్వెరీ అనే మరో లైబ్రరీకి ప్లగిన్‌గా, అంటే అదనపు భాగంగా, అతుక్కునేలా, ప్రతి భాష నియమాల ఫైలునూ అవసరమైనప్పుడు దాని చిరునామాను బట్టి తెచ్చుకునేలా రూపొందింది. కోడ్ నడిచే వేళ తయారయ్యే అటువంటి చిరునామా బండ్లర్‌కు ముందుగా కనిపించదు కనుక, నియమాల ఫైళ్లు తుది కూర్పులో చేరకుండా పోయే ప్రమాదం ఉంటుంది.

మార్పు క్రమం

గ్లోబల్ పేర్ల స్థానంలో, నడిచే వేళ తయారయ్యే చిరునామాల స్థానంలో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ వాక్యాలు రాయడం మొదటి పని. జేక్వెరీని లైబ్రరీలోనే కలిపేస్తే వాడుకరి ప్రాజెక్టులో రెండు ప్రతులు చేరి ప్లగిన్ తప్పు ప్రతికి అతుక్కోవచ్చు కాబట్టి, దాన్ని వాడుకరి ప్రాజెక్టే సమకూర్చవలసిన ‘పీర్ డిపెండెన్సీ’గా ప్రకటించాలి. లైబ్రరీ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలులోని ‘ఎక్స్‌పోర్ట్స్’ విభాగంలో ఇంపోర్ట్‌కు, రిక్వైర్‌కు వేర్వేరు దారులు చూపవచ్చు. అయితే అక్కడ పేర్కొనని లోపలి ఫైళ్లు బయటివారికి అందకుండా పోతాయి కనుక, పాత వాడుకరులకు అది తమ కోడ్ పనిచేయకుండా చేయగల మార్పని తెలిపేలా ప్రధాన వెర్షన్ సంఖ్యను పెంచాలి. జేక్వెరీకి అతుక్కోవడమే పనిగా గల ఫైలును ‘సైడ్ ఎఫెక్ట్స్’, అంటే ఇంపోర్ట్ చేయగానే ఫైలు బయట కలిగే మార్పులు, లేనిదిగా ప్రకటిస్తే బండ్లర్ దాన్ని అనవసరమని తొలగించవచ్చు. ఆ ఫైలు పేరును ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని సైడ్ ఎఫెక్ట్స్ జాబితాలో చేర్చడం క్షేమం. స్క్రిప్ట్ ట్యాగుతో వాడేవారి కోసం పాత రూపాన్నీ కొనసాగించాలి.

ఉద్యోగానికి దారి

ప్యాకేజీలను నిర్వహించే ఎన్‌పీఎం సాధనంలోని ప్యాక్ ఆదేశంతో లైబ్రరీని ప్యాకేజీగా తయారుచేసి, వీట్, వెబ్‌ప్యాక్ ప్రాజెక్టుల్లో విడివిడిగా పరీక్షించిన తరువాతే మార్పును పంపాలి. అంతకు ముందే లైబ్రరీ నిర్వాహకులతో చర్చించి, వారు అంగీకరించిన మేరకు చిన్న చిన్న మార్పులుగా పంపడం మర్యాద. ఈ సాధన చేసినవారు ఫ్రంట్ ఎండ్ ఉద్యోగాలతోపాటు బిల్డ్ సాధనాలను, సంస్థ అంతటా వాడే ఉమ్మడి లైబ్రరీలను చూసుకునే బృందాలకూ అర్హులవుతారు. ఇంటర్వ్యూలో ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పగలిగితే ఆ పని డిగ్రీకి తోడుగా నిలిచే రుజువవుతుంది. తెలుగు సాధనాలపై ఈ శ్రమ పెట్టినప్పుడు తెలుగులో రాసే ప్రతివారికీ దాని ఫలం అందుతుంది.